మలిసంధ్యకు చిరునామా కోవై

దేశంలో విశ్రాంత జీవుల కాలనీలు ముందుగా వేళ్లూనుకున్న నగరాల్లో కోయంబత్తూరు ఒకటి. అప్పట్లో అరవై దాటి వచ్చినవారు ఇప్పుడు ఎనభైల్లోకి అడుగుపెడుతున్నారు. ఆ కాలనీలకు అసలు పరీక్ష ఇప్పుడే మొదలైంది.

పేరూరు పట్టీశ్వరుడి గుడి దాటి సిరువాణి రోడ్డు పట్టుకుంటే కోయంబత్తూరు నగరం వెనకబడి పడమటి కనుమలు ఎదురొస్తాయి. దారికి రెండు పక్కలా కొబ్బరి, వక్క, అరటి తోటలు. వాటి మధ్య అక్కడక్కడా పొడవైన ప్రహరీలు, కాపలావాళ్లున్న గేట్లు. లోపల ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ల వరుసలు. ఏ ఇంటి ముందూ స్కూలు బస్సు ఆగదు. వీధిలో క్రికెట్ బంతి దొర్లదు. తెల్లవారుజామున నడక దారి మీద చేతికర్రల చప్పుడు, ఎనిమిదింటికి భోజనశాల వైపు కదిలే బ్యాటరీ కారు, సాయంత్రం చిన్న గుడిలో గంట. తమిళులు కోవై అని పిలుచుకునే ఈ నగరం చుట్టూ సుమారు రెండు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన విశ్రాంత కాలనీల దినచర్య ఇది.

ఇలాంటి కాలనీలు రాజస్థాన్‌లోని భివాడీలో ఉన్నాయి. పుణెలో, చెన్నై, బెంగళూరు శివార్లలో ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కలా వెలుస్తున్నాయి. అయినా ఈ మాట వచ్చినప్పుడు కోవై పేరే ముందు వినిపించడానికి కారణాలు లేకపోలేదు. నగరం సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. కనుమల్లోని పాల్ఘాట్ సందు గుండా వీచే గాలి వల్ల చెన్నై ఉక్కపోత ఇక్కడ ఉండదు. సిరువాణి నీటి రుచి గురించి ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఎముకలకు గంగా ఆస్పత్రి, కళ్లకు అరవింద్, గుండెకూ మిగతా అన్నింటికీ పీఎస్‌జీ, కోవై మెడికల్ సెంటర్, కుప్పుస్వామి నాయుడు స్మారక ఆస్పత్రి. మోకాలు, కంటిపొర, గుండె అనే మూడు మాటల చుట్టూ తిరిగే వయసుకు ఇంతకన్నా అనువైన ఊరు దొరకడం కష్టమే.

తెలుగువారికి ఈ ఊరు మరీ పరాయిదేమీ కాదు. విజయనగర కాలం నుంచి ఇటు వలస వచ్చి స్థిరపడిన నాయుళ్ల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థను స్థాపించింది ఆ వర్గం వారే. 1910లో లక్ష్మీ మిల్లును నెలకొల్పిన కుప్పుస్వామి నాయుడు పేరుమీదే 1952 నాటి ఆస్పత్రి ఉంది. 2025 అక్టోబర్‌లో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆవిష్కర్త జి.డి. నాయుడు పేరు పెట్టారు. పీఎస్‌జీ, కోవై మెడికల్ సెంటర్ రెండూ ఈ రోడ్డు మీదివే. అంబులెన్సులో ఉన్నవారికి ఆ వంతెన ఎంత సమయం మిగులుస్తుందన్నది ఇక్కడి కాలనీవాసులకు వట్టి ట్రాఫిక్ కబురు కాదు.

కొనేవారొకరు, ఉండేవారొకరు

ఈ కాలనీల వెనక పెద్ద లెక్కే ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో అరవై ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక 2022 నాటికి ఆ సంఖ్యను 14.9 కోట్లుగా లెక్కగట్టింది. 2050 నాటికి అది 34.7 కోట్లకు చేరుతుందని, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే అవుతారని అంచనా వేసింది. ఎనభై దాటినవారి సంఖ్య అంతకన్నా వేగంగా పెరుగుతుందనీ చెప్పింది. ఉమ్మడి కుటుంబం చిన్న కుటుంబమైంది. ఆ చిన్న కుటుంబంలోని పిల్లలు న్యూజెర్సీకో సింగపూర్‌కో వెళ్లారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులకు 'వృద్ధాశ్రమం' అన్న మాట గుచ్చుకుంటుంది. 'సీనియర్ లివింగ్' అంటే అంతగా గుచ్చుకోదు. ఆశ్రమానికి దిక్కులేనివారు వెళ్తారు, కాలనీకి స్తోమత ఉన్నవారు వెళ్తారు అన్నది ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా.

అయితే ఈ సరుకుకు ఒక చిత్రమైన లక్షణం ఉంది. చాలాసార్లు డబ్బు కట్టేది విదేశంలోని కొడుకో కూతురో. నివసించేది తల్లిదండ్రులు. రంగుల కరపత్రం డబ్బు కట్టేవారి మనసు నెమ్మదించేలా తయారవుతుంది. క్లబ్ హౌస్, ఈత కొలను, యోగా మందిరం, కనుమల దృశ్యం అందులో కనిపిస్తాయి. రాత్రి మూడింటికి స్నానాలగదిలో కాలుజారితే ఎవరు, ఎన్ని నిమిషాల్లో వస్తారన్నది కనిపించదు. కాలనీ నాణ్యత మాత్రం ఆ రెండో విషయంలోనే ఉంటుంది. దాన్ని తూచడానికి కొన్ని పద్ధతులున్నాయి. అందులో చాలావాటికి కళ్లు, చెవులు, కాస్త ఓపిక చాలు.

గేటు బయట, గడప లోపల

మొదటి పరీక్ష కాలనీ బయటే. ఆస్పత్రికి దూరాన్ని కిలోమీటర్లలో చెబితే అర్థం లేదు. ఉదయం తొమ్మిదింటికి, అదీ వానలో, ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. కొండల చెంత ప్రశాంతత ఎక్కువే. కానీ తొండముత్తూరు, మరుదమలై వైపు ఊళ్లలోకి రాత్రిపూట ఏనుగులు దిగడం కోవైలో మామూలు వార్త. నెమళ్లు తిరిగే చోటు ఫొటోకు బాగుంటుంది. చీకటి పడ్డాక పనిమనిషి, నర్సు, అంబులెన్సు డ్రైవరు ఆ దారిన రావడానికి సిద్ధపడతారా అన్నది వేరే సంగతి. మందుల దుకాణం, బ్యాంకు, ఆటో స్టాండు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే పెద్దవాళ్లు ఇంకా తమ పనులు తాము చేసుకుంటారు. అవేవీ లేకపోతే అరవై ఐదేళ్లకే ఎవరో ఒకరి మీద ఆధారపడాల్సి వస్తుంది.

రెండో పరీక్ష ఇంట్లో. పడకగది కన్నా ముందు స్నానాలగది చూడాలి. నేల తడిపి చెప్పులు లేకుండా నడిచి చూడాలి. గోడకు పట్టుకునే కడ్డీ ఉండటం ఒక్కటే చాలదు, ఒంటి బరువంతా మోపినా కదలకుండా ఉండాలి. అత్యవసర గంట బొత్తాము గోడ మీద నిలబడిన మనిషి చేతికి అందే ఎత్తులో ఉంటే అది ఉన్నా లేనట్టే. పడిపోయిన మనిషి నేల మీద ఉంటాడు. గంట తాడు నేలదాకా వేలాడాలి, లేదా బొత్తాము మెడలోనో మణికట్టుకో ఉండాలి. స్నానాలగది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడి ఉంటే తెరవడం సాధ్యం కాదు.

ఇవన్నీ ఎవరి చాదస్తమో కాదు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో విశ్రాంత గృహాల కోసం నమూనా మార్గదర్శకాలు వెలువరించింది. జారని నేల, చక్రాల కుర్చీకి అనువైన లిఫ్టు, అత్యవసర స్పందన వంటివి అందులో ఉన్నాయి. మహారాష్ట్ర రెరా సంస్థ 2024లో తనవైన మార్గదర్శకాలు ఇచ్చింది. తలుపులు కనీసం 900 మిల్లీమీటర్ల వెడల్పుండాలన్న నిబంధన అందులో ఒకటి. కాబట్టి కోవై వెళ్లేవారు జేబులో ఒక కొలటేపు వేసుకెళ్తే నష్టం లేదు. అందమైన పడకగదిలోకి చక్రాల కుర్చీ పట్టకపోతే, అవసరం వచ్చిన రోజున ఆ ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

పొంగలి, సాంబారు, ఆవకాయ

కాలనీలో అతి పెద్ద రాజకీయాలు నడిచే చోటు భోజనశాల. వయసు మీదపడ్డాక రోజులో మిగిలే ఘట్టాలు మూడే: పొద్దుటి టిఫిను, మధ్యాహ్న భోజనం, రాత్రి ఫలహారం. కోవై కాలనీల్లో ఎక్కువగా శాకాహారమే. పొంగలి, ఇడ్లీ, సాంబారు, కూటు, రసం. మొదటి వారం హాయిగా ఉంటుంది. మూడో నెలలో గుంటూరు మనిషికి కారం గుర్తొస్తుంది, గోదావరి మనిషికి పప్పులో ఆవకాయ గుర్తొస్తుంది. చిన్న విషయంలా కనిపించే ఈ అసంతృప్తే చాలామందిని తిరుగు ప్రయాణం గురించి ఆలోచింపజేస్తుంది. అందుకే ఇంట్లో సొంతంగా వండుకునే ఏర్పాటు ఉందా, పూట భోజనం మానుకుంటే డబ్బు తగ్గిస్తారా, పళ్లు లేనివారికీ చక్కెర జబ్బువారికీ వేరుగా వండుతారా అన్నవి అడగదగిన ప్రశ్నలు.

అమ్మకాల సిబ్బంది పెట్టే విందు భోజనం తిని నిర్ణయానికి రాకూడదు. ముందు చెప్పకుండా మంగళవారమో బుధవారమో వెళ్లి అందరితో కలిసి తినాలి. పక్కన కూర్చున్న పెద్దాయనను భోజనం ఎలా ఉందని అడగనక్కర్లేదు. వంటమనిషి ఎన్నాళ్లుగా పనిచేస్తున్నాడని అడిగితే చాలు. ఏడాదిలో ముగ్గురు మారారంటే నిర్వహణ ఎలా ఉందో దాంట్లోనే తెలుస్తుంది.

సాయంత్రం చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఏడింటికి కాలనీ వీధుల్లో నడుస్తూ ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టాలి. ఎప్పుడో పనికొస్తుందని కొని తాళం వేసిన ఇళ్లు ఇలాంటి చోట్ల తక్కువేమీ కాదు. సగం కిటికీలు చీకటిగా ఉంటే భోజనశాల నడిపే ఖర్చు, నర్సు జీతం, తోటమాలి జీతం మిగిలిన సగం మంది మీద పడతాయి. లేదా ఆ సేవలే తగ్గిపోతాయి. పక్కింట్లో మనిషి లేకపోతే పడిపోయినప్పుడు కేక వినేవారూ ఉండరు. ఒంటరితనం నుంచి తప్పించుకోవడానికి వచ్చిన చోట ఒంటరితనమే ఎదురైతే ఎంత ఖర్చుపెట్టినా దండగే.

రాత్రి పది తర్వాత

పగలు అన్ని కాలనీలూ బాగానే ఉంటాయి. మేనేజరు ఉంటాడు, నర్సు ఉంటుంది, ఫిజియోథెరపీ గదిలో సందడి ఉంటుంది. రాత్రి పది తర్వాత ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. ఒక నర్సు ఎన్ని ఇళ్లకు బాధ్యురాలు? ఆమె నిజంగా నర్సింగ్ చదివిందా, లేక తెల్లకోటు వేసుకున్న సహాయకురాలా? అంబులెన్సు ఉందంటే డ్రైవరు రాత్రి అక్కడే పడుకుంటాడా? లోపలి చికిత్స గదికి తమిళనాడు 1997 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదు ఉందా? కొనే ముందు అద్దెకు ఓ నెల ఉండి చూసే వీలుంటే ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు వాటంతటవే దొరుకుతాయి. ఒక రాత్రి గంట నొక్కి గడియారం చూస్తే చాలు.

ఇక్కడే కోవైలోని పాత కాలనీల అనుభవం దేశానికంతటికీ పాఠమవుతుంది. 2000ల్లో ఇళ్లు కొన్నవారు దాదాపు ఒకే వయసువారు. రిటైరై, చేతిలో ప్రావిడెంట్ ఫండ్ డబ్బు, కాళ్లలో సత్తువ ఉన్నవారు. వారికి కావాల్సింది సంగీత కచేరీ, నడక దారి, యాత్రలు. ఇరవై ఏళ్లు గడిచేసరికి అందరూ కలిసే వృద్ధులయ్యారు. ఇప్పుడు కావాల్సింది స్నానం చేయించే చేయి, మందు గుర్తుచేసే గొంతు, పక్క మార్చే మనిషి. అన్ని ఇళ్లకూ ఇంచుమించు ఒకేసారి కావాలి. హోటల్‌లా మొదలైన చోటు ఆస్పత్రిలా మారాల్సిన దశ ఇది. కొన్ని కాలనీలు వేరుగా సంరక్షణ భవనాలు కట్టి ఈ మలుపు తిరుగుతున్నాయి. కొన్నిచోట్ల మంచం పట్టినవారిని తీసుకెళ్లమని పిల్లలకు ఫోను వెళ్తుంది. ఏ కాలనీ ఏ కోవకు చెందుతుందో కొనే రోజునే అడగాలి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

మతిమరుపు జబ్బు విషయంలో ఇది మరీ ముఖ్యం. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఈ జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలు జారిపోయి తల్లిభాషే మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. జీవితమంతా బ్యాంకులో ఇంగ్లిష్ మాట్లాడిన తెలుగు పెద్దావిడ ఒకరోజు తెలుగులో మంచినీళ్లు అడుగుతుంది. ఆమె పక్కనున్న సహాయకురాలు తమిళ పిల్లో, ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చిన పిల్లో కావచ్చు. నాలుగు తెలుగు మాటలు వచ్చినవారు కాలనీలో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న ఏ కరపత్రంలోనూ ఉండదు. తెలుగు ప్రాంతాల నుంచి కోవైకి వచ్చేవారు మాత్రం ఆ ప్రశ్న వేసుకోక తప్పదు.

కాగితాల్లో ఉన్నదెంత

ఇంటికి చట్టం ఉంది. 2016 నాటి రెరా చట్టం కింద నమోదు కావాలి. స్వాధీనం చేశాక ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి. కానీ విశ్రాంత కాలనీలో జనం కొనేది గోడలు మాత్రమే కాదు. భోజనం, నర్సు, అంబులెన్సు, శుభ్రత కూడా ఆ కొనుగోలులో భాగమే. ఇడ్లీ గట్టిపడిందనో నర్సు రాలేదనో రెరాకు వెళ్లడం అంత తేలిక కాదు. ఈ లోటును గుర్తించే 2019 నమూనా మార్గదర్శకాలు బిల్డరు, సేవలందించే సంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని సూచించాయి. అవి నమూనాలు మాత్రమే. రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప వాటికి పళ్లుండవు. నిర్వహణ రుసుము పెంపు మీద, సేవలు ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీద నివాసుల సంఘాలకూ నిర్వాహకులకూ తగువులు వచ్చి కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి.

అందువల్ల ఒప్పందంలో చదవాల్సిన పేరాలు చివరి పేజీల్లో ఉంటాయి. నెలసరి రుసుము ఏటా ఎంత శాతం పెరగొచ్చు? దానికి పైపరిమితి ఉందా? భర్త పోతే భార్యకు అదే ఇంట్లో అవే షరతులతో ఉండే హక్కు ఉందా? యాభై ఏళ్ల వారసుడు ఆ ఇంట్లో ఉండొచ్చా, అమ్ముకోవడమే మార్గమా? అమ్మితే నిర్వాహకుడికి ఎంత వాటా? డిపాజిట్ ఎన్నాళ్లకు వెనక్కి వస్తుంది? సేవలందించే సంస్థ దుకాణం కట్టేస్తే ఇంకొకరిని పిలిచే అధికారం నివాసులకు ఉందా? ఈ ప్రశ్నలు అడిగితే ముఖం చిట్లించే కాలనీకి దూరంగా ఉండటం మంచిది.

బీమా మీద కూడా భ్రమలుండకూడదు. 2024లో కేంద్రం డెబ్బై దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా ఐదు లక్షల రూపాయల రక్షణ కల్పించింది. అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకు. నెలల తరబడి ఇంట్లో మంచాన ఉన్నవారికి పెట్టుకునే మనిషి జీతానికి అది వర్తించదు. ఆ జీతమే చివరి ఏళ్లలో అతి పెద్ద ఖర్చు. దాన్ని లెక్కలో వేయకుండా ఇల్లు కొంటే సేవింగ్స్ ఖాతా మనిషి కన్నా ముందే ఖాళీ కావచ్చు. సొంత ఊళ్లో ఇల్లు పిల్లల పేర రాసిచ్చి ఇటు వచ్చేవారు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ గురించి తెలుసుకోవాలి. చూసుకుంటామన్న షరతు దస్తావేజులో ఉంటే, ఆ మాట తప్పినప్పుడు బదిలీని రద్దు చేయించుకునే వీలు ఆ సెక్షన్ కల్పిస్తుంది.

అదే చట్టం మరో మాట కూడా చెప్పింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమం ఉండాలన్నది. కనుమల నీడలో గేటు లోపలి తరగతికి ఎంచుకునే అవకాశం ఉంది. ఆ గేటు దగ్గర కాపలా కాసే, లోపల గిన్నెలు కడిగే మనిషికి పింఛనూ లేదు, ఎంపికా లేదు. వారికి ఇవాళ అందుబాటులో ఉన్నది 14567 నంబరు. 2021లో దేశమంతటా మొదలైన ఈ వృద్ధుల సహాయవాణి అంతకుముందు ప్రయోగాత్మకంగా నడిచింది తెలంగాణలోనే.

కాలనీ గురించి ఆఖరి సమాచారం అమ్మకాల కార్యాలయంలో దొరకదు. అక్కడ ఇటీవల చనిపోయినవారి గురించి పొరుగువారిని అడిగితే దొరుకుతుంది. కబురు ముందు ఎవరు విన్నారు, ఫ్రీజర్ బాక్స్ ఎవరు తెప్పించారు, విదేశంలోని పిల్లలు వచ్చేదాకా రెండు రాత్రులు ఆ ఇంట్లో ఎవరు కూర్చున్నారు, తర్వాత ఒంటరిగా మిగిలిన ఆవిడను మళ్లీ భోజనశాలకు ఎవరు తీసుకొచ్చారు. వీటికి పేర్లతో సహా జవాబు వస్తే ఆ చోట మనుషులున్నట్టు. మేనేజరు ఫోను నంబరు మాత్రమే వస్తే, కొండలు ఎంత అందంగా ఉన్నా ఇంకో కాలనీ చూసుకోవాల్సిందే.